ఒక్క వేలితో నడిచే పడవ

గౌరవనీయులైన హయాషిదా గారికి,

నేను కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్టును. ఈ ఉత్తరానికి జపనీస్ అనువాదం జతచేశాను.

పక్షవాతం తరువాత ఒక్క వేలే కదిలే మీ తండ్రిగారి కోసం మీరు ఒకే బటన్‌తో నడిచే పడవ ఆటను తయారుచేశారని, ముప్పై ఏళ్లు వీడియో ఆటలు రూపొందించి నిరుడు కంపెనీ నుంచి రిటైరయ్యారని చదివాను. నా దగ్గరికి వచ్చే మోయిజ్‌కు ఇరవై ఏళ్లు. కండరాల జబ్బు వల్ల అతనికి కుడి బొటనవేలు ఒక్కటే ఆడుతుంది. ఆ వేలితోనే రోజూ మీ పడవను నడిపేవాడు.

పోయిన నెల ఆట మాటిమాటికీ ఆగిపోతోందంటే, అతని ఫోన్‌లో అప్‌డేట్ చేసింది నేనే. కొత్త ఆటకు రెండు వేళ్లు కావాలి. పాతది తిరిగి రావడం లేదు. కంపెనీకి మూడుసార్లు రాసినా జవాబు రాలేదు. మీ దగ్గర పాత ప్రతి ఉంటే దయచేసి పంపండి.

ఆలస్యమైతే ప్రయోజనం ఉండదని కూడా చెప్పాలి. జనవరిలో ఆ వేలు పన్నెండు మిల్లీమీటర్లు కదిలేది. మొన్న సోమవారం కొలిస్తే నాలుగే. అది కూడా ఆగిపోతే అతని బదులు బటన్ నేను నొక్కుతానన్నాను.

"మీరు ఒత్తితే గది మీ ఆటయితది సార్. నాదెట్లయితది?" అన్నాడు మోయిజ్.



వినయంతో,
మోయిజ్‌కు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టు