బుగ్గ హోటల్‌లో బయటి తొట్టి

3 జూన్ 2007, ఆదివారం
మా అన్న సలీం భాయ్ ఇంట్లో చెప్పేశాడు. బెంజ్ సర్కిల్ నెట్ సెంటర్‌లో, మూల కేబిన్‌లో, తెర చూసి నవ్వుకుంటున్నానట. ఎవడితోనో చాటింగ్ అని తేల్చేశాడు. అమ్మీ అన్నం వడ్డిస్తూ ఏమీ అడగలేదు — అంటే నమ్మేసిందన్నమాట. నేనే చెప్పాను: నెట్‌లో ఎవరైనా రాయగలిగే ఎన్‌సైక్లోపీడియా ఉంది, అందులో అమ్మీ వాళ్ళమ్మ, మా నానీ, పుట్టిన చోటు, బుగ్గ హోటల్ గురించి రాస్తున్నానని. అమ్మీకి హోటల్ అన్న మాటొక్కటే వినిపించింది. "ఏ హోటలే?" గరిటె గాలిలో ఆగింది.
డిగ్రీ చదివించిన ఇల్లు...

5, మంగళవారం
అబ్బాకి బుగ్గ హోటల్ వ్యాసం ప్రింటు చూపించాను. మొన్నటిదాకా ఆ వ్యాసం మూడే వాక్యాలు: గోదావరి అవతల అడవిలో వేడినీటి బుగ్గ, పక్కన పాతకాలపు హోటల్, ఇప్పుడు మూతబడింది. నేను పెంచాను — వరండాలు, గుర్రాల సాల, గంధకం వాసన, కీళ్ళ నొప్పులని వచ్చే జమీందార్లు. అన్నిటికీ ఆధారం ఒక్కటే. హోటల్ నడిచే రోజుల్లో వార్షికోత్సవానికి అచ్చేసిన సావనీర్ పుస్తకంలో అబ్బా రాసిన వ్యాసం. కింద ఆయన పేరు.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. సాయంత్రానికి భవానీపురంలో సగంమందికి తెలిసిపోయింది, మాస్టారిని కూతురు ఇంటర్నెట్‌లో పెట్టిందని. సలీం భాయ్ తానేమీ అననట్టే టీ తాగుతున్నాడు.

6
కరెంటు లేదు. ఉక్క.

9, శనివారం
అందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపించమన్నారు అబ్బా. నానీ గోడకి ఆనుకుని వక్క దంచుకుంటోంది. "కులమతాల తేడా లేకుండా అందరూ ఆ తొట్టిలోనే స్నానం చేసేవారు" — సావనీర్‌లోని ఈ వాక్యం దగ్గరికొచ్చేసరికి దంపుడు ఆగింది.
"ఏ తొట్టిలో?"
పెద్ద తొట్టిలో అన్నాను.
"అందులో దొరలూ కామందులూ. వాళ్ళు మునిగిన నీళ్ళు గోడ కింద తూములోంచి బయటి తొట్టిలోకొచ్చేవి. హోటల్ పనోళ్ళం మేమూ, ఊరి బయటి వాడవాళ్ళూ ఆ నీళ్ళలో. ఆ దొరల తువ్వాళ్ళు ఉతికీ ఉతికీ నన్ను గన్న అబ్బా పోయాడు, లోపలి తొట్టిలో ఒక్కనాడూ కాలు పెట్టలా."
కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. మళ్ళీ దంచుకుంది.
మిగతాది నేను చదవలేదు.

10, ఆదివారం
మేడ మీద అబ్బాని అడిగాను, మీకీ సంగతి తెలుసా అని. తెలుసట. పెళ్ళైన కొత్తలోనే నానీ చెప్పిందట.
"సావనీర్‌లో అలాగే రాస్తారమ్మా. హోటల్ వాళ్ళు పిలిచి రాయమన్నారు. వాళ్ళింట్లో కూర్చుని తూము సంగతి రాస్తామా?"
తెలుగు మాస్టారు. కాంపోజిషన్‌లో చూడనిది చూసినట్టు రాశానని నాకు సున్నా వేసిన మనిషి.

12, మంగళవారం
నానీ చెప్పింది నెట్ వ్యాసంలో చేర్చాను. గంట తిరక్కుండా ఎవరో ఎడిటర్ తీసేశాడు. మర్యాదగానే — ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినది ఆధారం కాదండీ, అచ్చులో ఉన్నది చూపించండి అని. రూలు చదివాను. రూలు తప్పని అనలేను. కానీ అచ్చులో ఉన్నది అబ్బా వాక్యం, దాన్ని తెచ్చి అక్కడ నిలబెట్టింది నేను. పళ్ళు కొరుక్కుంటూ బస్సెక్కాను.

14, గురువారం
కబురొచ్చింది. హోటల్ మళ్ళీ తెరుస్తున్నారు, రిసార్ట్‌గా. ఓనరుగారబ్బాయి నెట్‌లో నా వ్యాసం చూశాడట. ఆదివారం ఫంక్షన్, అబ్బాకి శాలువా. వ్యాసంలో ఆ "కులమతాల తేడా లేకుండా" వాక్యం బాగా నచ్చిందట — గేటు మీద బోర్డుకి అదే రాయిస్తున్నారు. నానీని కూడా తీసుకురమ్మన్నారు. పాత మనిషి కదా, వేదిక మీద కూర్చోబెడతారట.
ఆ బోర్డు కిందనుంచి నానీని నడిపించుకెళ్తారు.
అబ్బా షేర్వానీ ఇస్త్రీకిచ్చారు.

15
నానీని అడిగాను, వెళ్తావా అని. "పోతా. లోపలి తొట్టి ఎట్టుంటదో చూడలా నేను."

16, శనివారం
పొద్దున్నే చెప్పేశాను అబ్బాకి. ఆ వాక్యం ఒక్కటే తీస్తే కుదరదు, తెలిసి అబద్ధం రాసిన కాగితాన్ని మిగతావాటికి మాత్రం ఆధారమని ఎలా చూపిస్తాను... సావనీర్ మొత్తం తీసేయాలి. దాంతో అబ్బా పేరు పోతుంది. వరండాలు, గుర్రాల సాల, నేను రాసినదంతా పోతుంది.
సలీం భాయ్ నవ్వాడు. చాటింగే నయం, కనీసం ఇల్లు ప్రశాంతంగా ఉండేదన్నాడు. అమ్మీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.
అబ్బా చాలాసేపు చెప్పులు వెతుక్కున్నారు. కాళ్ళకే ఉన్నాయి.
"రేపొక్కరోజు దాటనివ్వు తల్లీ. తర్వాత నీ ఇష్టం."
రేపు బోర్డు ఎక్కుతుంది. వేదిక మీద నానీ ఉంటుంది.
తెల్లారకముందే కారొస్తుందట. నాకూ చోటుందో లేదో ఎవరూ చెప్పలేదు.
చున్నీ వేసుకున్నాను. నెట్ సెంటర్ తెరిచే ఉంటుంది. ఇప్పుడే సావనీర్ తీసేస్తున్నాను. వ్యాసం మళ్ళీ మూడు వాక్యాలే.