చిట్టి నుదుట పసుపు

ఏప్రిల్ 2, 1986
కమిటీ ఒప్పుకుంది. గుర్రాల పందెం నూజివీడు నుంచి విస్సన్నపేటకు, మళ్ళీ వెనక్కి. విస్సన్నపేట మామిడితోటలో అన్నీ ఆగాలి. నేను పరీక్షిస్తాను. బాగున్నదానికి నా చేత్తో నుదుట పసుపు బొట్టు. బొట్టు లేని గుర్రం అక్కడితో సరి. రౌతుల్లో చాలామందికి చదువు రాదు. చీటీలు వద్దన్నది నేనే. పసుపుతో ఎవడు అబద్ధమాడతాడు?

కమిటీ ప్రెసిడెంటు నా బావమరిది రాఘవయ్య. "మీరెంత చెబితే అంతేనండి, బావగారూ." గుర్రాల వైద్యం మీద నా పుస్తకం పట్టుకుపోయి, ఏడాది ఉంచుకుని, అతుక్కున్న పేజీలు కూడా కత్తిరించకుండా తిరిగిచ్చిన మనిషి. అయినా నమ్మాను.

ఏప్రిల్ 5
ఖాసిం తన జట్కా గుర్రం చిట్టిని తెచ్చి చూపించాడు. పందెంలో రాఘవయ్య తోట తరఫున పరిగెడుతుందట. "మా ఇల్లు నడిపేది ఇదేనండి, డాక్టరుగారూ. మీ బొట్టు లేందే కదలనండి."

ఏప్రిల్ 6
ఎండ... నిప్పులు.
చిట్టి అన్నిటికన్నా ముందే తోటకు చేరింది. నీళ్ళు ముట్టలేదు. మెడ మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. పొట్టకు చెవి ఆనిస్తే— పేగుల చప్పుడు లేదు. అరగంట తర్వాత కూడా గుండె దడ తగ్గలేదు. ఖాసిం చెట్టు కింద సొమ్మసిల్లి పడుకున్నాడు. రాఘవయ్యకు చెప్పాను, దీన్ని ఆపమని.
"అలాగేనండి. ఖాసింకి నేను చెప్తాగా. మీరు భోంచెయ్యండి ముందు, పప్పు చల్లారిపోతోంది."

తిరిగి వచ్చేసరికి చిట్టి లేదు. జీపు అడిగితే డ్రైవరు కనపడడం లేదన్నారు.
నూజివీడు పొలిమేరలో కూలింది. నుదుట చెమటకు కారిన పసుపు. నేను పెట్టనిది.

ఏప్రిల్ 7
సెలైన్ ఎక్కిస్తున్నాను. లేవలేదు.
రాఘవయ్య వచ్చాడు. "ఎవరు పెడితే ఏంటండీ? ఇంకాస్త దూరమేగా అనుకున్నా. బయట అనకండి, పరువు పోతుంది." కమిటీ పుస్తకంలో అప్పుడే రాయించాడు— డాక్టరుగారు పరీక్షించి అనుమతించిరి. కింద నా సంతకానికి ఖాళీ.
ఇతనికి పలక మీద అక్షరాలు దిద్దించింది నేను. మా ఆవిడ ఉండి ఉంటే తమ్ముడి మొహం చూసేది కాదు. ఏమో... చూసేదేమో.

ఏప్రిల్ 8
సంతకం పెట్టలేదు.
చిట్టి రెండు గుక్కలు తాగింది. ముందుకాళ్ళు ఆనించి లేవబోయి, మళ్ళీ పడింది.

ఏప్రిల్ 9
ఖాసిం చిట్టిని చేర్చిన పాకలోనే ఉంటున్నాడు, దాని తల ఒళ్ళో పెట్టుకుని. నన్ను చూసినా లేవలేదు. చెప్పేశాను— ఆ బొట్టు నాది కాదు, రాఘవయ్య పెట్టాడు, నేను ఆపమన్నాను.
దాని చెవులు నిమిరాడు.
"నన్ను లేపి ఆ ముక్క మీరే చెప్పొచ్చు కదండీ. అప్పుడు మీరెక్కడున్నారండి?"
రాఘవయ్య వేయించిన విస్తరి ముందు. రెండోసారి పెరుగు వడ్డించుకుంటూ.
ఇక్కడ రాశాను. ఖాసింకి ఇంకా చెప్పలేదు.