మధ్యలో అందుకోవద్దు

ప్రియమైన అమ్మకు,

ఫోనులో అయితే నా మాట సగంలోనే అందుకుంటావు. అందుకే ఈ ఉత్తరం.

నేను టీచరు శిక్షణకు వచ్చిన ఈ బడిలో మూడో తరగతికి ఆరు ట్యాబులున్నాయి. రెండేళ్లుగా పైకవరు కూడా చింపకుండా బీరువాలో పడి ఉన్నాయి. తాళం క్లాసు టీచరమ్మ దగ్గర. "పగిలితే జవాబు ఎవరు చెప్తారు?" అంటుంది. వారం రోజులు వెంటపడి తీయించాను. పిల్లలు పాఠం చదివి, రికార్డు చేసుకుని, తమ గొంతు తామే వింటున్నారు. క్లాసులో నోరు విప్పని ఒక పిల్ల ఉంది, దాన్ని అందరూ "గుసగుస" అని పిలుస్తారు. అది బల్ల కింద దూరి ట్యాబుకు పేజీ మొత్తం చదివి వినిపించింది.

శిక్షణ చివర ఆఫీసరు ఎదుట నేను చెప్పాల్సిన పరీక్ష పాఠంలో ట్యాబు కనిపిస్తే పాసు సంతకం పెట్టనని టీచరమ్మ తేల్చేసింది. పెట్టకపోతే పోనీ. నేను మాత్రం వాటిని మళ్లీ బీరువాలో పెట్టను.

నీ మొండిఘటం

చిట్టితల్లికి,

ముప్పై ఏళ్లు సుద్దముక్కతోనే నెట్టుకొచ్చాను. పిల్లల చేతికి యంత్రమిచ్చి నువ్వు పక్కన కూర్చుంటే దాన్ని పాఠమంటారా? నీ ఉద్యోగం ఆ సంతకం మీదే ఉంది. అది పడేదాకా నోరు మూసుకుని ఆవిడ చెప్పినట్టు చెయ్యి. తర్వాత నీ ఇష్టం.

ఇంకోటి. ట్యాబుకు చదివిన పిల్ల నీకెందుకు చదవలేదు?

నీ అమ్మ

అమ్మా,

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. నాలుగు రోజులు జవాబు రాయలేదు. ఐదో రోజు ఒక ట్యాబులో రికార్డింగు ఆపడం మరిచిపోయాను. బడి వదిలాక విన్నాను. అంతా నా గొంతే. గుసగుస "గా..." అంటుంది, నేను "గాలిపటం" అనేస్తాను. అలా పదకొండు సార్లు. దానికి సిగ్గు కాదమ్మా, నేనే సందివ్వలేదు. ఎంత బాధేసిందో చెప్పలేను.

అయినా నువ్వు గెలిచావనుకోకు. ఆ యంత్రమే లేకపోతే ఈ సంగతి నాకెవరు చెప్పేవాళ్లు? పరీక్ష రోజు ట్యాబు బల్ల మీదే ఉంటుంది. నోరు మూసుకుంటాను గానీ, టీచరమ్మ కోసం కాదు.

నీ వసపిట్ట

ప్రియమైన అమ్మకు,

పరీక్ష అయింది. గుసగుస ముందు తన రికార్డు అందరికీ వినిపించింది. తర్వాత తనే లేచి నిలబడి చదివింది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. క్లాసంతా ఎదురుచూసింది. టీచరమ్మ ఆ మాట అందించబోతే, పరీక్షకు వచ్చిన ఆఫీసరు ఎదుటే ఆవిడకు చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పిల్ల ఆ మాట తనే పలికి, పేజీ ముగించి కూర్చుంది.

సంతకం పడలేదు. అందరి ముందూ అవమానించానట. క్షమాపణ రాసిస్తే పెడుతుందట, లేకపోతే మళ్లీ ఆరునెలల శిక్షణ. రాసివ్వమంటావని తెలుసు. నాకు మాత్రం చెయ్యి రావడం లేదు.

నీ కూతురు

చిట్టితల్లికి,

ఒక్క ముక్క కూడా రాసివ్వకు.

ఐదేళ్లప్పుడు నువ్వు మంచం కింద దూరి బొమ్మకు గంటల తరబడి కథలు చెప్పేదానివి. నన్ను చూడగానే ఆపేసేదానివి. నా దగ్గర బెట్టు చేస్తున్నావని నవ్వుకునేదాన్ని. నీ ఉత్తరాలు మళ్లీ తీసి చదివితే ఇప్పుడు తెలిసింది. నీ మాటలన్నీ నేనే పూర్తి చేసేదాన్ని. ఇంత వయసొచ్చాక కూడా నాతో మాట్లాడడానికి నీకు కాగితం కావాల్సి వచ్చింది.

ఆరునెలలేగా, చెయ్యి. అదే బడికి వెళ్లు. అదే బీరువా తెరిపించు.

ఆదివారం ఫోను చెయ్యి. నువ్వు ముగించేదాకా నోరెత్తను.

నీ అమ్మ