మిరపచేనికి చూపిన వేలు

ప్రత్తిపాడు,
14-12-1961.

చిరంజీవి పున్నారావుకు నాయనమ్మ సుబ్బరావమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమే. నీ క్షేమం సర్కారువారు చూసుకుంటున్నారు కనుక ప్రత్యేకించి అడగను. నీ భార్యకూ పసిదానికీ నా ఆశీస్సులు చెప్పు. మన గేదె ఈనింది, పెయ్యదూడ. మీ నాన్న మోకాలినొప్పికి ఎవరో చెప్పిన నూనె రాస్తున్నాడు. నొప్పి ఉన్నచోటనే ఉంది, వాసన మాత్రం ఇల్లంతా తిరుగుతోంది. పోయిన నెలాఖరులో పట్టిన ముసురు ఒక పట్టాన వదల్లేదు. విచ్చిన పత్తి తడిసింది, మిరప పిందె రాలింది. కబుర్లు అయిపోయాయి. ఇక రాయడానికి కూర్చున్న సంగతి రాస్తాను.

రహిమున్నీసాను ఉద్యోగంలోంచి తీసేశారు. నువ్వు బడి తనిఖీకి వచ్చి రాసిన రిపోర్టు మీదనే తీశారని కాగితంలో ఉంది.

ఆ పిల్ల నీకు కొత్త కాదు. కాని ఆఫీసర్లకు మనుషులు ఫైళ్ళలో గుర్తుంటారుగాని బయట గుర్తుండరని విన్నాను, అందుకని చెబుతున్నాను. దూది ఏకే మాబు పెద్దకూతురు. మాబు మన వసారాలో కూర్చుని పరుపుల దూది ఏకుతుంటే, ఆ పిల్ల పక్కన తుమ్ముకుంటూ, పొట్లాలు కట్టుకొచ్చిన పాత పేపరుముక్కలు చదువుతూ కూర్చునేది. అర్థం తెలియని మాట వస్తే వచ్చి నన్ను అడిగేది. నేను గుంటూరు మిషన్ బళ్ళో ఫోర్తు ఫారం దాకా చదివింది, మీ తాతగారి ఇంటికి వచ్చాక చాకలిపద్దు చూడ్డానికి తప్ప పనికిరాలేదు. ఈ పిల్ల వల్ల మళ్ళీ పనికొచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు నేనే దిద్దించాను. తరువాత తన కష్టంతో తను చదువుకుంది, ట్రైనింగయింది. మన ఊరి హయ్యర్ ఎలిమెంటరీ స్కూల్లో ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పడానికి టెంపరరీగా వేశారు. నువ్వు వచ్చి తనిఖీ చేసి బాగుందంటే ఖాయం చేస్తారు, బాగాలేదంటే ఇంటికి పంపుతారు. మాబుకి ఆ దూదే ఊపిరితిత్తుల్లో చేరి రెండేళ్ళుగా ఆయాసం. ఆ ఇంట్లో పొయ్యి వెలగడం నీ ఒక్కమాట మీద ఉందని నీకు తెలుసు. నేనే చెప్పాను, నువ్వు బస్సు దిగగానే. విన్నానన్నట్టు తల కూడా ఊపావు.

ఇప్పుడు పాఠం సంగతి. నువ్వు చూసింది రిపోర్టులో రాశావు. నేను చూసింది కూడా ఓపికుంటే చదువు.

ఇంగ్లీషువాళ్ళది పిసినారి భాష. మనకు 'ఈ' వేరు, 'ఇది' వేరు. వాళ్ళకు రెంటికీ దిస్సే. మనం అల్లుడికో మాట, పాలేరుకో మాట, కుక్కకో మాట వాడతాం. వాళ్ళు దూరాన ఎవరున్నా, ఏదున్నా దట్ అని ఊరుకుంటారు. పోనీ అంతటితో సరిపెడతారా అంటే, మనం ఒక కాయకీ బుట్టెడు కాయలకీ 'ఈ' అనే అంటుంటే, వాళ్ళు మాత్రం కాయలు పెరిగేసరికి దిస్‌ను దీజ్ చేస్తారు, దట్‌ను దోజ్ చేస్తారు. ఇవన్నీ పదకొండేళ్ళ రైతుబిడ్డలకు ఎక్కించాలి. పైగా ఇప్పుడు వచ్చిన కొత్త పద్ధతిలో తెలుగులో అర్థం చెప్పకూడదట. దగ్గరున్నదాన్ని తాకి దిస్ అనాలి, దూరంగా ఉన్నదాన్ని వేలుపెట్టి చూపి దట్ అనాలి.

దిస్ సులువుగానే వచ్చింది. బల్లమీద పత్తికాయ పెట్టింది, ఎండుమిరపకాయ పెట్టింది, పలక పెట్టింది. పిల్లలు తాకారు, చెప్పారు. దట్ దగ్గర బండి ఆగింది. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. కిటికీ బయట ఉన్నది యలమందయ్య మిరపచేను. పూతా పిందే మీదున్న పంటకు చూపుడువేలు చూపితే పిందె నిలవదని ఈ ఊరి నమ్మకం. ఏ పిల్లా చూపలేదు. చూపమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. భయంలేకుండా వేలు చూపగలిగింది ఎదురుగోడ ఒక్కదానికే. చివరికి దట్ అంటే గోడ కాబోలనుకున్నారు. ఆశ్వయుజంలో వానలు పడ్డప్పుడు ఒకడు బడికి రాలేదు. ఎందుకు రాలేదురా అంటే, మా ఇంటి దట్ కూలిందండీ అన్నాడట. ఆ పిల్ల నాకు చెప్పి నవ్వి, నవ్వి, ఆఖరుకి ఏడుపుమొహం పెట్టింది.

తరువాత తనే ఉపాయం ఆలోచించింది. మన ఆడవాళ్ళు పాదుమీద పిందెను చూపేటప్పుడు ఏం చేస్తారు? చూపుడువేలు మడిచి, కణుపుతో చూపుతారు. అలా చూపితే తప్పులేదు. అదే బళ్ళోకి తెచ్చింది. గోడకీ గడియారానికీ వేలు చాచండి, చేలో ఉన్నదానికి వేలు మడవండి అంది. అంతే, వారం తిరక్కుండా పిల్లలు బల్లమీది కాయను తాకి దిస్ చిల్లీ ఈజ్ రెడ్ అనీ, కణుపులు కిటికీవైపు తిప్పి దోజ్ చిల్లీస్ ఆర్ గ్రీన్ అనీ పాడటం మొదలుపెట్టారు. నేను మిషన్ బళ్ళో ఆ నాలుగు మాటలకూ తిన్న దెబ్బలు తలుచుకుంటే, ఈ పిల్లలు రాజాలు.

తనిఖీరోజున నేను బడి వసారాలో బెంచీమీద కూర్చున్నాను. మనవణ్ణి ఆఫీసరుగా చూడాలన్న ముచ్చట. చూశాను. కోటు బాగుంది.

నువ్వు యలమందయ్య కూతురు కోటిరత్నాన్ని లేపావు. కిటికీలోంచి చేను చూపి చెప్పమన్నావు. ఆ పిల్ల కణుపుతో చూపి, దోజ్ ఆర్ చిల్లీస్ అని తప్పులేకుండా చెప్పింది. సరిగ్గా చూపించు అన్నావు. తలవంచుకుంది. రహిమున్నీసా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నీతో అన్నమాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అది పిందెమీదున్న చేనండి. వాళ్ళ నాన్నదేనండి. పిల్లలు వేలు మడిచి చూపుతారండి, మాటలో మాత్రం తప్పు రానివ్వరండి."

నువ్వు నవ్వావు. ఇది బడా, భూతవైద్యుడి వాకిలా అని ఇంగ్లీషులో అడిగావు. ఆ ఇంగ్లీషు ఆ గదిలో రహిమున్నీసాకూ, బయట నాకూ తప్ప ఎవరికీ అర్థంకాలేదు, అంతమట్టుకు మేలు. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. బల్లల మధ్యనుంచి నడిచివెళ్ళి ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నావు. మడిచిన వేలు నీ వేళ్ళతో విప్పదీసి, చాచి, వాళ్ళ నాన్న చేనివైపు పెట్టావు. ఇప్పుడు చెప్పు అన్నావు. చెప్పింది. పెదవులు కదిలాయిగాని నా దాకా ఏమీ వినపడలేదు. నువ్వు మాత్రం వెరీగుడ్ అన్నావు.

పిల్లలకు దగ్గరకీ దూరానికీ తేడా తెలియదనీ, టీచరు మూఢనమ్మకాలు నేర్పుతోందనీ రాశావట.

వేలు చూపితే పిందె రాలదురా. ఆ మాత్రం నాకూ తెలుసు. ముసురు పడితే రాలుతుంది, పురుగు పడితే రాలుతుంది, గాలి కొడితే రాలుతుంది. కాని ఒక మనిషి ఇంట్లో ఉన్నదంతా తీసుకెళ్ళి మట్టిలో పెట్టి, ఆకాశం వంక చూస్తూ కూర్చున్నప్పుడు, దారినపోయేవాళ్ళు వాడి చేనికి వేలు చాచకుండా పోతారు. అది శాస్త్రం కాదు, మర్యాద. చావింట్లో విసనకర్ర విసురుకుంటూ కూర్చోం కదా, అలాంటిది. దానికి పరీక్ష పెట్టి మార్కులు వెయ్యాలని నీకు తప్ప ఎవరికీ తోచలేదు.

తరువాత ముసురు పట్టింది. ఊరందరి చేలల్లోనూ పిందె రాలింది. యలమందయ్యది పల్లం, నీరు నిలిచి మొక్క మొదలుకంటా కుళ్ళింది. ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. కోటిరత్నమే తనను తాను అనుకుంది. చూపుడువేలికి గుడ్డపేలిక చుట్టుకుని, పుండయిందని చెప్పి, బలపం పట్టడం మానేసింది. తరువాత బడికి రావడమే మానేసింది.

నేను యలమందయ్యను పిలిపించాను. వాడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తిడతాడేమో, తిడితే పడదామనే సిద్ధపడి ఉన్నాను. వాడు తిట్టలేదు.

"మీ మనవడికి తెలవకపోవచ్చు పెద్దమ్మా, పట్నంలో చదివినోడు. నా కూతురికి తెలుసు గదా. అదే వచ్చింది తంటా."

అంతే అని వెళ్ళిపోయాడు. అరవైతొమ్మిదేళ్ళు వచ్చాయి నాకు, మాటకు మాట తడుముకోకుండా చెప్పేదాన్నని ఊళ్ళో పేరు. ఆ రోజు తలుపు దగ్గరకు వేసుకుని లోపలికి వచ్చేశాను.

రహిమున్నీసా రోజూ బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళేది. వాన వల్ల పోయిందమ్మా, నీ వల్ల కాదు అని చెప్పేది. ఒకరోజు ఆ పిల్లను గట్లమీద తిప్పి, ఎవరూ వేలు చూపని చేలు కూడా చూపించింది. ఇదిగో, ఇక్కడ ఎవరు చూపారు, ఇక్కడా రాలింది కదా అంది. కోటిరత్నం అన్నీ చూసి, ఇంటికి వచ్చాక అడిగిందట.

"టీచరుగారూ, వేలు ఎంత దూరం పారుద్దండీ?"

ఊళ్ళో చేలన్నీ తానే పాడుచేశానని తేల్చుకుంది ఆ పిల్ల. దగ్గరకీ దూరానికీ తేడా తెలియని పిల్లలని రాశావు చూడు, వాళ్ళలో ఒకతె. ఈ సంగతి నాకు చెబుతూ రహిమున్నీసా ఏడ్చింది. తీసేసినట్టు కాగితం వచ్చినప్పుడు మాత్రం ఏడవలేదు.

కాగితం ఆ మర్నాడే వచ్చింది. మొన్న సోమవారం ఆ కుర్చీలో నీ బావమరిది చెంచయ్య వచ్చి కూర్చున్నాడు. వరస కలిసినవాడు కనుక చూడటానికి వెళ్ళాను. దిస్, దట్, దీజ్, దోజ్ బోర్డుమీద రాసి, పలక నిండేదాకా రాయండని చెప్పి, మేజామీద కాళ్ళు పెట్టాడు. కిటికీ రెక్కలు మూసేశాడు, వెలుతురు కళ్ళల్లో పడుతోందట. ఇక ఎవరూ దేనికీ వేలు చూపాల్సిన పనిలేదు. మూఢనమ్మకం పూర్తిగా పోయింది. నువ్వు సంతోషించవచ్చు.

రహిమున్నీసా ఇప్పుడు తండ్రి పక్కన కూర్చుని పరుపులు కుడుతోంది. మొన్న మన ఇంటికే వచ్చింది, పాత బొంతలు ఏమన్నా ఉంటే ఇమ్మని. నీ మీద ఒక్కమాట అంటుందేమో, అంటే నా గుండె కాస్త తేలికపడుతుందని చూశాను. అనలేదు. నేనే ఉండబట్టలేక సర్దిచెప్పాను. వాడు తొమ్మిదో ఏటనే గుంటూరు హాస్టలుకు పోయాడమ్మా, ఇక్కడి అలవాట్లన్నీ మరచిపోయాడు, తెలియక చేశాడు అన్నాను. ఆ పిల్ల వెంటనే నమ్మింది.

"తెలియక చేసినదానికి కోపం ఎందుకండీ మామ్మగారూ? ఎవరన్నా నెమ్మదిగా చెబితే ఆయనే దిద్దుకుంటారు."

ఆ మాట పట్టుకుని ఇప్పుడు రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు సూది పక్కన పెట్టి గుమ్మంలోకి వస్తోంది. నువ్వు ఆ రిపోర్టు దిద్ది మళ్ళీ రాస్తావని. ఆ ఆశ పెట్టినదాన్ని నేనే కనుక, నెమ్మదిగా చెప్పవలసిన ఆ ఎవరన్నా కూడా నేనే అవ్వాలి కదా అని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నెమ్మదిగా రాలేదు. నాకు చేతకాదు.

చలికాలం, గొంతుకు మఫ్లరు చుట్టుకో. పసిదానికి ఆముదం పట్టించడం మానవద్దని నీ భార్యతో చెప్పు.

ఇట్లు,
నీ మేలుకోరే
నాయనమ్మ.

తా.క. తెలియక చేశాడని నేను రహిమున్నీసాకు చెప్పింది అబద్ధం. తనిఖీ అయ్యాక మన ఇంట్లో భోంచేసి, పెరట్లో చెయ్యి కడుక్కున్నావు. నేను తువ్వాలు పట్టుకుని నీ వెనకే నిలబడ్డాను. పందిరివంక చూసి, నాయనమ్మా, సొరపాదు పిందె పట్టిందే, చూశావా అన్నావు. చూపించావు కూడా. చూపుడువేలు మడిచి, కణుపుతో. ఆ తరువాత లోపలికి వచ్చి, రిపోర్టు రాసుకోవాలి, సిరా ఉందా అని అడిగావు. నేనే తెచ్చి ఇచ్చాను.