దాగలి తిప్పిన మాట నిజమే

బార్ట్లీ బావకి,

అక్కతో మాట పంపుదామంటే ఆవిణ్ణి నా కొలిమి గడప తొక్కనివ్వడం లేదట నువ్వు. అందుకే ఈ ఉత్తరం.

నీ కూతురు డీలియా చేతుల నిండా పులిపిర్లు లేస్తే, కాలిన ఇనుము ముంచే నా కొలిమి తొట్టి నీళ్లతోనే అవి రాలిపోయాయి. "మేలు చేశావు" అని కమ్మరితో అంటే మళ్లీ తిరగబెడతాయని మీరెవరూ ఒక్క మంచి మాట అనలేదు. అది ఆచారం, నేనేమీ అనుకోలేదు.

మరి ఇదేమిటి? "మా బామ్మర్ది నా పేరు చెప్పి దాగలి తిప్పాడు, ఆ శాపం తగిలే మా ఆవు చచ్చింది" అని చర్చి గేటు దగ్గర ఏడ్చావట. అప్పట్నుంచి లాడాలు కొట్టించుకోవడానికి ఒక్క గుర్రం రాలేదు. నన్ను చూడగానే తల్లులు పిల్లల్ని శాలువా చాటుకి లాక్కుంటున్నారు.

దాగలి తిప్పిన మాట నిజమే. ఇనుము పెట్టి కొట్టే ఆ దిమ్మ కింది కొయ్య మొద్దు పుచ్చిపోతే, దిమ్మని పక్కకి తిప్పి కొత్త మొద్దు వేశాను. వాకిట్లో నిలబడి చూసినవాడివి, "ఏం చేస్తున్నావురా?" అని అడిగితే నీ సొమ్మేం పోయేది?

ఈ ఆదివారం అదే గేటు దగ్గర నిజం చెప్పు.

శాపమే అని నీకెందుకు తోచిందో నాకు తెలుసు. ఈస్టరు నాడు అక్క చెంప మీద నీ అయిదు వేళ్లూ తేలి ఉండడం నేనూ చూశాను. నా దాగలికి అంత మహిమే ఉంటే, చచ్చేది ఆవు కాదు బావా.