వెనక్కి నడవని లెక్క

ప్రియమైన లెక్కల చెల్లీ,

నీ మేనకోడలికి వాంతులు తగ్గలేదు. వీధి బావుల్లో విషం కలిసిందని డాక్టరు తేల్చాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో నువ్వు తేల్చు. చాటున చేసిన పాపం వెలుగులోకి వస్తుందని దేవుని వాక్యం చెబుతోంది, నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. నా అనుమానం బట్టల అద్దకంవాడి మీద. బావినీళ్ల పరీక్షల అంకెలు పంపుతున్నాను. మందిరంలో నా ఆదివారం ప్రసంగంలోపు జవాబు రాయి. నీ పాక్షిక అవకలన సమీకరణాలు ఏ పూటకు పనికొస్తాయో చూస్తా.

నీ అన్నయ్య

ప్రియమైన మైకు అన్నయ్యా,

ముందు పాపకు ఆ నీళ్లు మానిపించు.

సిరా చుక్క నీళ్లలో పడితే ఎటు పాకుతుందో, ఎక్కడ ఎప్పుడు ఎంత ఉంటుందో నా సమీకరణం చెబుతుంది. పాకిపోయిన సిరాను చూపించి చుక్క ఎక్కడ పడిందంటే దానికి పిచ్చెక్కుతుంది. నీ అంకెలతో వేస్తే అద్దకం షెడ్డు తగిలింది. ఒక్క బావి అంకెను వెంట్రుకవాసి తగ్గిస్తే పాత బ్యాటరీల కొట్టు తగిలింది. అన్నీ పూర్ణాంకాలే పంపావేం? అసలు కాగితం పంపు. అప్పటిదాకా ఎవరి పేరూ ఎత్తకు.

నీ చెల్లి

చెల్లీ,

పాయింటు తర్వాతి అంకెలు నేనే కోసేశాను. పైకి చదవడానికి బాగుండవని. అసలు కాగితం ఇదిగో.

నీ ఉత్తరం సోమవారం అందింది. ముందురోజు ప్రసంగంలో నేను పేరెత్తలేదు. ‘రంగు చేతులవాడు’ అన్నాను, అంతే. సాయంత్రానికి అతని తొట్లు పగలగొట్టారు. భార్యాభర్తలు మూటలతో వెళ్లిపోతుంటే ఆమె నా దగ్గర ఆగింది. “మీకెవరు చెప్పారన్నా?” అంది. త్వరగా లెక్క తేల్చమ్మా.

అన్నయ్య

అన్నయ్యా,

తేలదు. ఈ అంకెలకు మూడు చోట్లు సరిపోతున్నాయి. పాయింటు తర్వాత ఇంకెన్ని అంకెలు తెచ్చినా పరీక్షలో ఉండే పిసరంత తప్పు చాలు, జవాబు తలకిందులవడానికి. ముందుకు మాత్రం చెప్పగలను: విషం ఇక మీ ప్రార్థన మందిరం బావికి చేరుతుంది. మూసేయించు.

చెల్లి

ప్రియమైన చెల్లీ,

బావి మూయించాను. పాప గంజి తాగుతోంది.

మొన్న ఆదివారం లేచి, “ఎవరు చేశారో నాకు తెలియదు, తొందరపడి అన్నాను” అని చెప్పాను. “అయ్యగారిది ఎంత తగ్గింపు మనసో” అని కళ్లు తుడుచుకున్నారు. గొంతు చించుకున్నాను. ఇంకా గట్టిగా ఆమెన్ అన్నారు. పక్క వీధిలోనైతే నాకు దర్శనంలో అద్దకంవాడు విషం కలుపుతూ కనబడ్డాడట. అతను ఎటు వెళ్లాడో ఎవరూ చెప్పడం లేదు.

నీకు చుక్క ఎక్కడ పడిందో తెలియదు. నాకు తెలుసు, నా నోట్లోంచే పడింది. అయినా ఏం చెయ్యగలిగాను?

నీ అన్నయ్య