పడని టాంగావాలా

తారణ, మార్గశిర బహుళ తదియ. వనపర్తి.

నర్సమ్మ నవ్వింది. నిజంగా! పిల్లవాడు పోయాక నా భార్య నోరారా నవ్వడం ఇదే మొదలు. అదీ డేరా సినిమాలో.

హిందుస్తానీ బొమ్మ. దొంగలు తరుముతుంటే టాంగావాలా గోడ దూకుతాడు — పిండి బస్తాల మీద పడతాడు — తెల్లటి మొహంతో లేచి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూస్తాడు... ఒకటే ఈలలు. అంత గోలలోనూ ఆడవాళ్ల వైపు నుంచి ఆమె నవ్వు నాకు వేరుగా వినిపించింది. గుడ్డ మీద పడే వెలుతురుకు ఎంత శక్తి!

చవితి.

మళ్లీ మౌనమే. ఏదడిగినా "ఊ" అంటుంది.

పుష్య శుద్ధ దశమి.

దుకాణంలో లెక్కలు రాస్తుంటే డేరా మనిషి పల్లినూనెకు వచ్చాడు. టాంగావాలా బొమ్మకు రెండో భాగం వచ్చిందట! వచ్చే నెల గద్వాలలో.

"మొదటిదానికి తాత లెక్కుంటది సారూ. కొట్లాటలే కొట్లాటలు."

సినిమాకని చెబితే సేటు సెలవివ్వడు. ఇంకేదో చెప్పాలి.

మాఘ శుద్ధ విదియ. గద్వాల.

నర్సమ్మ వాళ్ల పిన్ని ఇంట్లో దిగాం. రైలు కృష్ణ దాటుతుంటే ఒళ్లు ఝల్లుమంది — అంత నీటి మీద అంత ఇనుము!

డేరా కిటకిట. నా కళ్లు తెర మీద, చెవి ఆడవాళ్ల వైపు.

టాంగావాలా ఇప్పుడు సేనాపతి. జరీ కోటు. ఇరవై మందిని ఒక్కడే చిత్తు చేస్తాడు. అద్భుతమే, కాదనను — గుర్రాలు మీదికొస్తుంటే ముందు కూర్చున్నవాళ్లు వెనక్కి జరిగారు. కానీ ఒక్క దెబ్బ తగలదు. ఒక్కసారి పడడు. కోటుకు దుమ్మైనా అంటదు. మెల్లమెల్లగా ఈలలు ఆగిపోయాయి. వెనక ఎవరో అరిచాడు — "గీనికేం గాదు, ఇగ మనం ఏం జూడాలె? పాత బొమ్మ ఎయ్యిండ్రి!"

ఆ మాటకు అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. ఎంత ఆశ పెట్టుకున్నాను... ఏడుపొచ్చింది.

తదియ. తిరుగు రైలు.

"బాగలేదు కదా" అన్నాను. కిటికీలోంచి చూస్తూ చెప్పింది —

"గాయన పడనే లేదు. పడి లేస్తడని వస్తిని నేను."

మళ్లీ తనే — "మన కుర్మయ్య గట్లనే పడుతుండె. పడి, ఎవరన్న చూసిన్రా అని చూస్తుండె. ఎవ్వరు లేకుంటె ఏడ్వకుంట లేస్తుండె."

కుర్మయ్య. ఇంట్లో ఎవరమూ పలకని పేరు. ఆరోజు ఆమె నవ్వింది వాణ్ణి చూసే! ఇన్నాళ్లూ వాణ్ణి అట్లా లోపల నడిపించుకుంటూనే ఉంది. పక్కనే ఉన్నాను, నాకేం తెలుసు? చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"నీకు యాదికున్నదా?"

ఉందన్నాను. వాడు లేవకముందే దుకాణానికి పోయేవాణ్ణి. వాడు పడుకున్నాక వచ్చేవాణ్ణి.

చవితి. వనపర్తి.

అన్నం పెడుతూ అడిగింది — "పడి లేస్తె మొదలు ఏ కాలు ఏసేటోడు? చెప్పు."

నోటికొచ్చినట్టు ఎడమ కాలన్నాను.

అవుననలేదు. కాదనలేదు. గరిటె పట్టుకుని నా మొహంలోకే చూస్తూ నిలబడింది...